ఆమె చూసినదంతా

"నేను లేనప్పుడు ఎవనితోని నవ్వుతున్నవో ఇయ్యాల తెలుస్తది," అంటూ మల్లేశ్వర్ భార్య నుదుటికున్న కెమెరా పట్టీ లాక్కున్నాడు.

మరమనుషులకు ఇంటిపని నేర్పడానికట, హైదరాబాద్ కంపెనీ ఏదో నాగరాణికి ఆ కెమెరా ఇచ్చింది. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఆమె ఏది చూస్తే అది రికార్డవుతుంది. తను తాండూరు బండల గనికి పనికి పోగానే ఇంట్లోంచి నవ్వులు వినపడుతున్నాయని పక్కింటాయన అన్నప్పటి నుంచీ మల్లేశ్వర్‌కు అన్నం సయించడం లేదు.

ఫోన్‌కు కలిపి చూశాడు. జొన్నరొట్టె కొడుతున్న చేతులు కనిపించాయి. కాసేపటికి నవ్వు.

"గంత తొందరేంది? అన్నీ నీకే గద!"

మల్లేశ్వర్ పళ్లు కొరికాడు. అంతలో తెర మీదికి తల్లిలేని గొర్రెపిల్ల వచ్చి, ఆమె చేతిలోని పాలసీసాను కుమ్మింది.

ఆ తర్వాత కూరగాయలామె ముఖం, గోడ మీది పిల్లి, వాన మబ్బు. నాగరాణి అన్నిటినీ తలెత్తి తీరిగ్గా చూసింది. మగవాడి జాడే లేదు. మల్లేశ్వర్ కాలు మీద కాలేసుకున్నాడు.

"ఇగ నేనొస్త, జూడు!" అన్నాడు భార్యతో.

తెరలో అతని బండి చప్పుడైంది. వెంటనే బొమ్మ కిందికి వాలిపోయింది. గచ్చు, గచ్చు మీద దుమ్ము పట్టిన అతని బూట్లు. తర్వాత అన్నం కంచం, అతని మోకాళ్లు. పడుకునేదాకా అతని ముఖం ఒక్కసారీ రాలేదు.

"కెమెరా గిన ఖరాబైందా?" అంటూ భార్య వైపు తిరిగాడు.

"లేదు," అంది నాగరాణి, అతని కాళ్లకేసి చూస్తూ.