వాయిదా వేయబడింది

1953లో ఒకరోజు మారెమ్మ ఎమ్మిగనూరు బస్సు దిగి, ఆదోనిలో గఫూర్ సాబ్ ఇంటి అరుగు మీద కూలబడింది. ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తాగా రిటైరై నెల అయింది. ఊరివాళ్ల ఇంగ్లీషు కాగితాలు చదివి చెబుతుంటాడు.

"ఈ జవాబొచ్చి రెండు నెలలాయె సాబూ. కాలు కింద పెట్టల్యాక ఇప్పుడొచ్చినా. మా పేటకు చేదబావి ఇస్తారంటనా?"

ఆ పేటంతా దిగుడుబావి నీళ్లే తాగుతుంది. ఆ నీళ్లతో ఇంటింటా నారికురుపులే.

గఫూర్ సాబ్ కాగితం చూసి, తెలుగులో చెప్పాడు. "మీ అర్జీ పరిశీలించబడింది. ప్రస్తుతానికి వాయిదా వేయబడింది."

"యెవరేసినారు?"

"పేరుండదమ్మా. ఇంగ్లీషులో అట్లే రాస్తారు. పని ఆగిపోతుంది, ఆపినోడు కనపడడు."

"థూ! ఇదేం రాత సాబూ? నా కోడలు ఆర్నెల్లుగా మంచంలో ఉంది. కాల్లోంచి పురుగు బయటికొస్తాంటే పుల్లకు సుట్టుకుంటా కూసున్నాం. సూసినోడెవడన్నా వాయిదా ఏస్తాడా?"

గఫూర్ సాబ్ తలెత్తలేకపోయాడు. కింద సంతకం దొరది. పైన అందమైన గుండ్రటి చేతిరాత తనది.

"ఎవరూ చూడలేదమ్మా. నీ అర్జీ నేను విప్పను కూడా లేదు. వచ్చిన అర్జీలన్నిటికీ అదే ముక్క రాసి, సంతకానికి పంపినాను."

మారెమ్మ ఆయన్ని అసహ్యంగా చూసింది. తర్వాత కాగితం వెనక్కి తిప్పి ఆయన ముందు పెట్టింది.

"ఇప్పుడు సెప్పిన మాట ఈడ తెలుగులో రాయి. కింద నీ పేరు పెట్టు. కర్నూలు కలెక్టరు కాడికి నేనే తీస్కపోతా."