తోడు గ్లూకోజు

"ఆమెకు చెప్పకుండా నేను మందు ఎక్కించను. లోపలికి పంపించండి, నేనే మాట్లాడతాను."

తెర ఇవతల నిలబడి ఆదిశేషమ్మ వింటోంది. అంత ఖండితంగా అన్నది డాక్టర్ ఫిర్దోస్. ఆ మాట పడుతున్నవాడు ఆదిశేషమ్మ కొడుకు పెంచలప్రసాద్.

వరండా బెంచీ మీద తోడికోడలు దేవకమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పాపం, ఏమీ తెలియని మనిషి! మొన్నామధ్య చేలో కళ్ళు తిరిగి పడిపోతే, ఉదయగిరి నుంచి ఈ ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకొచ్చి పరీక్షలు చేయించారు. సూదంటేనే హడలిపోయే దేవకమ్మ ఒక్కతే చేయించుకోవడానికి ఒప్పుకోలేదు. సరే, తోడుగా ఆదిశేషమ్మ కూడా ఆ పరీక్షలన్నీ చేయించుకుంది. కడుపులో గడ్డ, మంచిది కాదు అన్నారు. ఆ సంగతి దేవకమ్మ చెవిన పడకూడదని ఇంటిల్లిపాదీ ఒక్క మాట మీద నిలబడ్డారు.

ఆదిశేషమ్మ నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా చెప్పుకుంటారు. అలాంటిది ఈ ఒక్క సంగతి మాత్రం దాచుకుంది. ఆ దిగులుకు కూడు సయించడం లేదు. జాకెట్లన్నీ వదులైపోయాయి. దేవకమ్మ మాత్రం శుభ్రంగా తింటోంది. పొద్దున బస్సు దిగేటప్పుడు, "నువ్వు మోయబాక, ఇట్టియ్యి" అని సంచి కూడా లాక్కుంది. చూసి ఆదిశేషమ్మకు ఏడుపు ఆగలేదు.

ఇవాళ్టి ఏర్పాటూ అలాంటిదే. బలానికి గ్లూకోజు అని దేవకమ్మకు చెప్పి పడుకోబెడతారు. ఆ వైపు కాస్త నీరసమంటే చాలు, జనం తామే అడిగి సీసా పెట్టించుకుంటారు గనుక ఎవరికీ అనుమానం రాదు. ధైర్యానికి పక్క మంచం మీద ఆదిశేషమ్మకూ ఒక సీసా. తోడు గ్లూకోజు అన్నమాట. ఇంత తంటాలు పడితే, ఈ డాక్టరమ్మ ఒక్క మాటతో అంతా కూల్చేసేలా ఉంది!

ఆదిశేషమ్మ ఇక ఆగలేదు. తెర తోసుకుని లోపలికి వెళ్ళింది.

"డాక్టరమ్మా, నీకు దండం పెడతా. మా దేవకక్కకు చెప్పబాక."

ఫిర్దోస్ ఆమెను చూసింది. పెంచలప్రసాద్‌ను చూసింది. వాడు తల వంచుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. చిన్నప్పుడు పెద్దమ్మ చంకలో పెరిగినవాడు, ఈ మధ్య వాడిది ఇదే వరస.

"ఓహో, ఇదా మీ ఏర్పాటు!" అంది ఫిర్దోస్ వాడితో. కోపం దిగమింగుకుని ఆదిశేషమ్మ వైపు తిరిగింది. "ఒంట్లో ఏముందో ఆ మనిషికి తెలియకుండా, మీరంతా కూర్చుని తీర్మానం చేస్తారా? ఒళ్ళు ఆమెది కదమ్మా!"

"ఒళ్ళు ఆమెదే తల్లీ. ఆమె మాది గదా!"

ఫిర్దోస్ ఆమెకు కుర్చీ జరిపింది.

"మా ఆడబిడ్డ సుకుమారికి ఇట్టనే ఒక డాక్టరు మొగం మీదనే చెప్పేసినాడు" అంది ఆదిశేషమ్మ. "ఆ పొద్దు నుంచి గోడపక్కకి తిరిగి పడుకునింది. మందు వద్దనింది. మెతుకు ముట్టలేదు. రోగం కంటే ముందు ఆ మాటే చంపేసిందమ్మా."

ఫిర్దోస్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మా అమ్మీకి మేమూ దాచాం. నాకేమైంది, నాకేమైంది అని ఆఖరిదాకా అడుగుతూనే ఉంది. ఏం లేదు, ఏం లేదు అన్నాం. చివరికి నేను మంచినీళ్ళు పట్టినా అనుమానంగా చూసేది. ఆ చూపు నేను మర్చిపోలేను."

రేపు దేవకక్క తనను అలా చూస్తే? అనుకుంది ఆదిశేషమ్మ. ఈ పిల్ల మొండితనం చేస్తోందనుకుంది గానీ, కడుపులో ఇంత కుంపటి పెట్టుకుందని అనుకోలేదు.

"మీకే వచ్చి, మీవాళ్ళు దాచారనుకోండి" అంది ఫిర్దోస్ మెల్లగా. "అప్పుడు మీరేమంటారు? నిజం చెప్పండి."

పెంచలప్రసాద్ చటుక్కున తలెత్తాడు. "ఎందుకు మేడమ్, ఆ మాటలు..."

"నువ్వుండ్రా" అంది ఆదిశేషమ్మ. కాసేపు నిజంగానే ఆలోచించింది. "నాకూ చెప్పబాకండమ్మా. తెలిస్తే ఏం జేస్తా? వీళ్ళను చూసి నేనేడస్తా, నన్ను చూసి వీళ్ళేడస్తారు. అందరం ఏడస్తా కూచుంటే పొయ్యి ముట్టించేదెవురు? మోసేదానికి నలుగురుండారు గదా, మోయనీ. కానీ నా అంతట నేను అడిగితే మాత్రం అబద్ధం చెప్పబాకండి. మీ అమ్మ మాదిరి అల్లాడలేను."

ఫిర్దోస్ కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది.

"సరే. అడిగేదాకా చెప్పను. అడిగిన రోజు దాచను. ఇది నా మాట."

"అంతే చాలు తల్లీ, చల్లగా ఉండు" అని ఆదిశేషమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

లోపలి గదిలో తోడికోడళ్ళిద్దరినీ పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టారు. దేవకమ్మ పెదవులు వణుకుతున్నాయి.

"ఏందక్కా, చిన్నపిల్ల మాదిరి! నీకెట్టనో నాకూ అట్టనే. ఇద్దరం గలగలా మాట్లాడుకుంటా పడుకుందాం" అని ఆదిశేషమ్మ నవ్వించబోయింది.

దేవకమ్మ నవ్వలేదు. గోడపక్కకు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. పసిగట్టేసిందా ఏంది, భగవంతుడా, అని ఆదిశేషమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి.

ఫిర్దోస్ నర్సును పక్కకు జరగమని, ఉత్త గ్లూకోజు సీసా దేవకమ్మకు తగిలించి, మందు కలిపిన సీసాను తానే తీసుకొచ్చి ఆదిశేషమ్మకు ఎక్కించింది.