డోలక్ లేని స్టైల్

పెందుర్తిలో పెళ్లి రిసెప్షన్. డోలక్ మోత దానంతటదే వచ్చే స్టైల్ కోసం కీబోర్డు మీద బటన్ నొక్కబోయి ఫారూఖ్ ఆగాడు.

రెండేళ్లుగా ఈ మెషిన్ మోతలో, పక్కనే కూర్చున్న వీరన్న డోలక్ ఎవరికీ వినబడటం లేదు. ఆ పాపం మోసి మోసి ఫారూఖ్ అలిసిపోయాడు. ఈ ఒక్క పాటకైనా జనం వీరన్న చేతిని వినాలి. చెప్పకుండానే డోలక్ లేని స్టైల్ పెట్టాడు.

పాట మొదలైంది. దరువు రాలేదు.

తిరిగి చూశాడు. వీరన్న చేతులు జోరుగా ఆడుతున్నాయి, తోలుకి అంగుళం పైన.

"పాతదే పెట్టీ బావా," అన్నాడు వీరన్న, తల ఎత్తకుండా. "నా వేళ్లలో సత్తువ పోయి రెండేళ్లయిపోనాది. నీ మెషినే నన్ను కాస్తంది."

ఫారూఖ్ బటన్ నొక్కాడు.

వీరన్న డోలక్ దద్దరిల్లింది.