పీచుకి అడ్డంగా

సగం గడ్డకట్టినప్పుడే కోయాల్సిన బీఫ్‌ని వంటమనిషి గంట ముందే ఫ్రీజర్లోంచి తీసి బయట పెట్టింది. అది కాస్తా మెత్తబడి నీళ్ళు కారుతుంటే, ఇప్పుడు కట్టెలు కొట్టినట్టు కొడుతోంది. ఒక్కో ముక్క బొటనవేలంత లావుంది.

పెద్దక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

వంటింటి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని ఉందామె. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది. పీచుకి అడ్డంగా, కాగితమంత పలచగా కోయమని చెప్పాలి. మాట గొంతు దాకా వచ్చి, మేకు కొట్టినట్టు అక్కడే ఆగిపోయింది.

"అ... అడ్డం" అంది చివరికి.

వంటమనిషి తన కాళ్ళ దగ్గరున్న ముక్కాలిపీటను పక్కకు జరిపి, మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది.

పక్షవాతం వచ్చి మూడు నెలలు. కాలు తిరిగొచ్చింది, మాట రాలేదు. హోటలు వంటశాలలో ఇరవై రెండేళ్ళు ఆరు పొయ్యిలనూ, ఆరుగురు వంటవాళ్ళనూ ఒక్క కేకతో నడిపించిన మనిషి ఆమె. అందరికీ పెద్దక్క. ఆమె కొరియా పద్ధతిలో చేసే బీఫ్ రైస్ బౌల్ కోసం జనం వరసలో నిలబడేవారు. చెయ్యి లేకపోయినా ఫర్వాలేదు, నోరుంటే చాలు, ఒకటో తారీఖు దాకా చూస్తామన్నారు యజమానులు. ఇంకా పద్దెనిమిది రోజులుంది. ఆ తర్వాత ఆ పొయ్యిల ముందు ఇంకొకరు నిలబడతారు.

మాటలు నేర్పించే చోటికి కూతురు తీసుకెళ్ళకపోలేదు. అక్కడ పిల్లి బొమ్మ చూపించి, ఇదేంటో చెప్పండి అన్నారు. పెద్దక్క బొమ్మలన్నీ నేలకేసి కొట్టి ఇంటికొచ్చేసింది. మళ్ళీ ఆ గడప తొక్కితే ఒట్టు. చేసేదిలేక, కనీసం వంటకైనా తోడుంటుందని కూతురు ఈ మనిషిని కుదిర్చింది. పదింటికి రావడం, పన్నెండున్నరకి పోవడం. వారం రోజుల్లో పాలు రెండుసార్లు పొంగించింది, అన్నం మూడుసార్లు మాడ్చింది.

"వీటిలో ఏది ముందు పోయాలి అమ్మగారూ?"

వంటమనిషి చేతుల్లో రెండు సీసాలున్నాయి. పెద్దక్క ఎడంచేత్తో సోయా సాస్ చూపించింది. సరిగ్గా అప్పుడే ఆ మనిషి సింకు వైపు తిరిగింది. ఎప్పుడూ ఇంతే. చేత్తో చూపిస్తే ఆ మహాతల్లికి కనపడదు. నోరు తెరిస్తే మాత్రం అరమాటకే గిరుక్కున తిరుగుతుంది.

"సో... సోయా."

"ఎంత?"

"మూడు."

"మూడు కప్పులా అమ్మగారూ?"

"చెంచాలు" అంది పెద్దక్క పళ్ళు కొరుకుతూ. "మూడు చెంచాలు."

తరవాత పియర్ పండు వంతు వచ్చింది. తురిమి మాంసానికి పట్టించాల్సిన పండుని వంటమనిషి నిలువునా కోసి, ఒక చెక్క నోట్లో వేసుకుంది. బాగా పండిందని మెచ్చుకుంది కూడా.

"తురుము" అంది పెద్దక్క. "మాంసంలో."

"మాంసంలో పండేమిటి, విడ్డూరం కాకపోతే? ఎందుకూ?"

"మె... మెత్తబడుతుంది. నీ బుర్రలా."

ఆ మాట విని వంటమనిషి ఊరుకున్నా బాగుండేది. ఆ మనిషి నవ్వింది. నవ్వి, పొయ్యి మీద పెనం పెట్టి, అది కాగకముందే పళ్ళెంలోని మాంసమంతా ఒకేసారి కుమ్మరించింది. మాంసం వేగడానికి బదులు తన నీళ్ళలో తనే బూడిదరంగుగా ఉడకసాగింది. అది చాలదన్నట్టు, దించే ముందు నాలుగు చుక్కలు వేయాల్సిన నువ్వుల నూనె సీసా ఎత్తి బడబడా పోసింది.

పెద్దక్క లేచింది. గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ ముందు గదిలోకి వెళ్ళి, ఎడంచేత్తో ఫోను తీసి కూతురికి కలిపింది. అవతల హలో వినపడిందో లేదో, ఆమె అందుకుంది.

"కాగని పెనంలో మాంసమంతా ఒక్కసారే కుమ్మరించి, పీచుకి అడ్డంగా కోయాల్సింది నిలువునా కోసి, చివర్లో వేయాల్సిన నూనె ముందే పోసిన ఈ మనిషిని సాయంత్రంలోగా నా ఇంట్లోంచి పంపించెయ్."

"అమ్మా" అంది కూతురు. "మళ్ళీ చెప్పు."

"ఏం, నీకూ చెవుడొచ్చిందా?" పెద్దక్కకు ఇంకా మండింది. ముక్క పొల్లుపోకుండా మళ్ళీ చెప్పింది. ఈసారి పియర్ పండు సంగతి కూడా కలిపింది. వంటమనిషి అవతలి గదిలో ఉందనైనా చూడకుండా, దాన్ని తన వంటశాలలో అయితే అంట్లు తోమడానికి కూడా పెట్టుకోనంది.

"సరేనమ్మా. భోజనానికొస్తున్నాగా, మాట్లాడదాం" అంది కూతురు. ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు వినపడింది.

"జలుబుకి మందేసుకో" అని విసురుగా ఫోను పెట్టేసింది పెద్దక్క.

వంటింట్లో ఆ మనిషి పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుని, కూరగాయల సంచి అడుగునుంచి ఆసుపత్రి ఫైలు తీసి, ‘ఏడో రోజు, ఇరవై ఒక్క మాటల వాక్యం, ఒక్క తడబాటు లేదు, రేపు కేకు మాడ్చాలి’ అని రాసి, స్పీచ్ థెరపిస్టు అని అచ్చేసిన చోట సంతకం పెట్టింది.