గోడకు గుద్దింది నేనే

రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ మా కారు కిందనుంచి బయటికొచ్చి, తలుపు సందుల్లో గోరు పెట్టి చూశాడు. మా అత్తగారూ నేనూ ఊపిరి బిగబట్టాం.

బీమా సర్వేయర్ ఈ కారును పూర్తి నష్టం కింద రాసేశాడు. కాకపోతే తుక్కుకే పోవాల్సిన రకం కాదట. ఛాసిస్ సరిచేసి పరీక్ష పాసైతే మళ్లీ రోడ్డెక్కొచ్చట. అత్తగారికి ఆ ఒక్క ముక్క చాలు. ముప్పై ఏళ్లుగా డెంటింగ్ షెడ్డు నడుపుతూ, వందల కార్ల సొట్టలు తీసి, కారు నడపడం మాత్రం నేర్చుకోని మనిషి, నెలరోజులు సుత్తి కింద పెట్టలేదు.

"పాస్!" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇంతకీ గోడకి గుద్దిందెవరమ్మా?"

"నేనేనండీ," అన్నాను.

ఈ నెలలో ఆ మాట వందసార్లు చెప్పి ఉంటాను. మా ఆయన నన్ను ఆటపట్టించినప్పుడల్లా అత్తగారే అడ్డుపడేవారు: "కోడల్ని ఏమన్నా అన్నావంటే ఊరుకోనురా!"

ఇన్‌స్పెక్టర్ అటు వెళ్లాడో లేదో, ఇద్దరం చేతులు పట్టుకుని షెడ్డంతా గిర్రున తిరిగాం. నవ్వి నవ్వి నా పొట్ట చెక్కలైంది. కాలు తగిలి రంగు డబ్బా దొర్లిపోయినా పట్టించుకోలేదు.

అంతలో అత్తగారు నా చేతిలోని తాళాలు లాక్కుని, డ్రైవర్ సీట్లోకి దూరిపోయారు.

"ఈసారి బ్రేకు ఏదో బాగా గుర్తుందే!"

"దిగండి అత్తయ్యా! ఈసారి కూడా నేనే గుద్దానంటే మీ అబ్బాయి నమ్మరు."