సెకనుకు అరవై బొమ్మలు

“మళ్లీ బిగుసుకుపోయింది, చూడవయ్యా!” అంటూ పాత రేడియోల కొట్టు యజమాని లాప్‌టాప్‌ను మెకానిక్ వైపు తిప్పాడు.

తెరమీద అతని మామగారు ఒక రేడియోకు చెవి ఆనించి, కదలకుండా ఉన్నారు. మొదలుపెట్టిన దగ్గర్నుంచీ లైవ్ ఎక్కిళ్లు పెడుతూనే ఉంది. ఇప్పుడు పూర్తిగా నిలిచిపోయింది. మాట కూడా వినిపించడం లేదు.

నెలాఖరుకు కొట్టు ఖాళీ చెయ్యాలి. ఈ ఒక్క లైవ్‌లో అమ్ముడుపోకపోతే మూడు వందల రేడియోలూ తుక్కు కిందే లెక్క. కొనేవాళ్లకు మామగారి మాట మీదే గురి. ఆయనేమో పొద్దున, “ఇవాళ వద్దు అల్లుడూ, రేపు చూద్దాం” అన్నారు. కెమెరా అంటే బెరుకని లెక్కగట్టాడు అల్లుడు. మేడమీది గదిలో కూర్చోబెట్టి, వీధి చప్పుడు పడకుండా తలుపు మూసి వచ్చాడు.

“ఇందులో గ్రాఫిక్స్ చిప్పులు రెండుంటాయి సార్” అన్నాడు మెకానిక్. “ఒకటి బక్కది, బ్యాటరీ ఆదా చేస్తుంది. రెండోది బలమైంది. మీ లైవ్ సాఫ్ట్‌వేరు పోయి పోయి బక్కదాని నెత్తినెక్కింది.”

“రెండెడ్లు కట్టి ఒకదాంతోనే లాగిస్తున్నామన్నమాట. మార్చు!”

“మార్చాలంటే లైవ్ ఓసారి ఆపాలి.”

“ఆపితే జనం పోతారయ్యా! నాలుగు వందల పన్నెండు మంది ఉన్నారు.”

“బొమ్మ కదలకపోయినా పోతారు సార్.”

ఆ బేరంలోనే మూడు నిమిషాలు గడిచాయి. చివరికి మెకానిక్ సెట్టింగుల్లో బలమైన చిప్పును ఎంచి, సాఫ్ట్‌వేరును మూసి మళ్లీ తెరిచాడు. జనం మూడు వందలకు దిగారు. మామగారు మాత్రం అలాగే ఉన్నారు.

‘పెద్దాయన ఫొటో పెట్టి అమ్ముతున్నారా?’ అని ఎవరో కింద రాశారు.

“ఏదయ్యా నీ బలమైంది? పరువు తీస్తోంది!”

“అదే అర్థం కావట్లేదు సార్. సెకనుకు అరవై ఫ్రేములు, అంటే అరవై బొమ్మలు, వస్తున్నాయి. ఒక్కటి కూడా జారలేదు.”

“అరవై వస్తే మనిషి కదలాలి కదా!”

“పైకెళ్లి కెమెరా వైరు చూసొస్తారా?”

“తలుపు తీస్తే వీధి మోతంతా లైవ్‌లో పడుతుంది. ఉన్నవాళ్లు కూడా జారుకుంటారు. ఏం చేసినా ఇక్కడే చెయ్యి.”

మెకానిక్ బొమ్మ నాణ్యత తగ్గించాడు, పెంచాడు, చిప్పును నడిపే డ్రైవరు ప్రోగ్రాం సరిచూశాడు. ఇంకో ఐదు నిమిషాలు కరిగాయి. జనం నూట నలభై. యజమాని కళ్లు ఆ అంకె మీదినుంచి కదలడం లేదు.

“సార్...” అన్నాడు మెకానిక్. వేలితో తెరమీద ఒకచోట చూపించాడు.

“ఏంటయ్యా?” యజమాని విసుక్కుంటూ ముఖం దగ్గరగా పెట్టాడు.

మామగారి తెరిచిన కంటి మీద ఈగ ఒకటి నింపాదిగా నడుస్తోంది.