సర్వర్ కనబడుటలేదు

"సర్వర్ కనపడటం లేదు మేడమ్."

"ఎప్పటినుంచి సార్?"

"పొద్దుట్నుంచి. శుక్రవారం దాకా బంగారంలా ఉంది."

అతను మందులు ఇళ్ళకి చేరవేసే కంపెనీలో పనిచేస్తాడు. ఏ వ్యాను ఏ ఇంటికి వెళ్ళాలో జాబితా తీసి పంపడం అతని పని. ఆ వివరాలన్నీ ఉన్న డేటాబేస్ సర్వర్ క్లౌడ్‌లో ఉంది. క్లౌడ్ అంటే మరేం లేదు, ఎక్కడో అద్దెకి తీసుకున్న కంప్యూటరు. అది ఎక్కడుందో వాడేవాళ్ళకే తెలీదు. పోయినప్పుడు మాత్రం అందరికీ తెలుస్తుంది. పెద్ద చదువుల పనులన్నీ ఇంతే.

పన్నెండుకి వ్యాన్లు కదలాలి. ఇప్పుడు పదకొండున్నర. ఆఫీసులో అందరికీ సర్వర్ కనపడుతోంది. ఇంట్లో కూర్చున్న ఇతనికే కనపడటం లేదు.

"టైముకి జాబితా రాలేదనుకో, రేపట్నుంచి ఇక్కడికొచ్చి కూర్చో" అన్నాడు మేనేజరు.

అంటే పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. ఇంటినుంచి పనిచేసే అనుమతి కోసం అతను ఏడాది పాటు కాళ్ళావేళ్ళా పడ్డాడు.

అందుకే క్లౌడ్ కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాడు. ఆవిడ తగిలింది.

హెల్ప్‌లైన్‌లో ప్రతి మాటా రికార్డవుతుంది. పైవాళ్ళు వింటారు. కాగితం మీది ప్రశ్నలు వరసగా అడగాలి. సొంత కబుర్లు కూడదు.

"సర్వర్ పేరు సరిగ్గా కొట్టారా సార్?"

"మూడుసార్లు కొట్టాను."

"పాస్‌వర్డ్?"

"అక్కడిదాకా రానిస్తేగా!"

"ఈమధ్య ఏమైనా మార్చారా?"

"నేనేం మార్చలేదు మేడమ్."

"ముందు అందరూ అదే అంటారు సార్."

అతను పళ్ళు కొరికాడు. పై అంతస్తులో ఎవరో గోడకి డ్రిల్లు పెట్టారు. ఆ మోత ఆగేదాకా ఇద్దరూ ఆగారు.

"శనివారం ఇంట్లోవాళ్ళు ఇంటర్నెట్ కంపెనీ మార్చారు" అన్నాడు చివరికి. "నాతో ఒక్క మాట చెప్పకుండా."

"చెప్పే ఉంటారు సార్. మీరు ఫోన్‌లో తల దూర్చి ఊఁ కొట్టి ఉంటారు."

"ఇది కూడా మీ కాగితంలో ఉందా మేడమ్?"

"లేదు సార్. అనుభవం."

గడియారం పావు తక్కువ పన్నెండు చూపిస్తోంది.

"మీ సర్వర్ గుమ్మంలో ఒక కాపలావాడు ఉంటాడనుకోండి" అంది ఆవిడ. "వాడి దగ్గర మీ పాత కనెక్షన్ నంబరే ఉంది. కొత్త నంబరుతో వెళ్తే మిమ్మల్ని గుర్తుపట్టడు. అసలిక్కడ ఎవరూ లేరు పొమ్మంటాడు."

"అంటే సర్వర్ ఎక్కడికీ పోలేదా?"

"ఎక్కడికి పోతుంది సార్, అక్కడే ఉంది. కొత్త నంబరు రాసేస్తాను."

"నంబరు చెప్పనా?"

"అక్కర్లేదు. నాకు కనపడుతోంది."

కీబోర్డు టకటకలాడింది. అతని తెర మీద సర్వర్ ప్రత్యక్షమైంది. పన్నెండుకి నాలుగు నిమిషాలుండగా జాబితా వెళ్ళింది. వ్యాన్లు కదిలాయి. మేనేజరు దగ్గర్నుంచి బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది. కృతజ్ఞత అంటే ఈ రోజుల్లో అంతే.

"తప్పు నాదే మేడమ్. చెప్పినప్పుడు వినాల్సింది."



"ఈ మాట రికార్డయింది సార్."

"అవనివ్వండి. పదిసార్లు వేసుకుని వినండి."

"నా సేవకి అయిదుకి ఎన్ని మార్కులు ఇస్తారు సార్?" అలా అడగడం రూలు.

"పది."

ఆవిడ నవ్వాపుకుంటూ కాల్ కట్ చేసి, హెడ్‌సెట్ బల్ల మీద పెట్టి, పక్కగది తలుపు తోసి, రెండు రోజులుగా మాటల్లేని మొగుడి మొహంలోకి చూసి, "ఇక భోజనానికి లేస్తారా, దానికీ ఫోన్ చెయ్యాలా?" అంది.